దీవికి బయల్దేరిన పరుపు

మా మావయ్య పరుపులు కుట్టేవాడు. కుట్టిన ప్రతి పరుపు మీదా తనొక కునుకు తీస్తే గాని కొన్నవాళ్ళ చేతికి ఇచ్చేవాడు కాదు. మధ్యాహ్నం భోజనం కాగానే కొత్త పరుపును కొట్టు ముందుభాగంలో పరిచి, చెప్పులు విడిచి, గోడవైపు తిరిగి పడుకునేవాడు. నిద్ర పట్టిందా, పరుపు బాగున్నట్టు. పట్టలేదా, లేచి దబ్బనం అందుకుని కుట్లు విప్పి, లోపలి దూది మళ్ళీ సర్దేవాడు. "కునుకు పట్టాలి, సరుకు కదలాలి" అనేవాడు. అందుకే వీధి వీధంతా ఆయన్ని కునుకు మావయ్య అని పిలిచేది. కొత్తగా పెళ్ళి కుదిరిన జంట తమ పరుపు కోసం వచ్చి, దాని మీద ఈయన గురకపెడుతూ ఉండడం చూసి మొహమొహాలు చూసుకునేవాళ్ళు. ఆయనకి మాత్రం ఏ మొహమాటమూ లేదు. "వంటవాడు ఉప్పు చూడడూ? ఇదీ అంతే."

ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఆ కొట్టు మీది గదిలోనే నేను ఇప్పటికీ ఉంటున్నాను. చిన్నప్పుడే అమ్మ పోతే, అమ్మకి అన్నయ్య కాబట్టి ఆయనే నన్ను తెచ్చుకుని పెంచాడు. చదువైపోయి, బళ్ళో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చాక కూడా నేను ఆ గది వదల్లేదు. కింద కొట్టుని ఒక తెర రెండు భాగాలు చేసేది. తెర ముందు మావయ్య, దూది, పురికొస. తెర వెనక అత్తయ్య, ఆవిడ కుట్టుమిషను. పరుపుల పైగుడ్డా, దిండ్ల గలేబులూ అన్నీ ఆవిడ కుట్టేది. మధ్యాహ్నం ముందు గురక, వెనక టకటక. రాత్రి భోజనాలయ్యాక కూడా ఆవిడ మిగిలిన గలేబులు ముగించుకుంటూ కూచునేది, ఆయన ఈలోపే నిద్రలోకి జారిపోయేవాడు. ఎదురుగా సెలూన్ నడిపే ఆయన "మీ ఇంట్లో కచేరీ బాగుంటుందయ్యా, ఒకరిది తాళం, ఒకరిది రాగం" అనేవాడు.

మావయ్యకి ఒకే ఒక పట్టింపు. ఇంకొకరి పరుపు మీద నిద్రపోలేడు. సొంత కూతురి పెళ్ళికి వేరే ఊరు వెళ్ళి, అప్పగింతలు కాగానే ఆఖరి బస్సెక్కి ఇంటికొచ్చి పడుకున్న మనిషి. ఆయన వెంట అత్తయ్యా వచ్చేసేది. అలా పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడ కూడా ఇంకో కప్పు కింద నిద్రలేవలేదు. "ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నారు కదండీ" అని ఎవరైనా సామెత చెబితే, మావయ్య తాపీగా "ఆ మాటన్నవాడు జీవితంలో పరుపు అమ్మి ఉండడు" అనేవాడు.

అత్తయ్య మిషను ఎదురుగా గోడకి ఒక క్యాలెండరు కాగితం ఉండేది. దూది వ్యాపారి ఇచ్చినది. సముద్రం మధ్యలో ఒక దీవి, తెల్లటి ఇసక, నీళ్ళ అంచున చెక్క కుటీరాలు. ఆ సంవత్సరం వెళ్ళిపోయింది, ఆ తర్వాత చాలా సంవత్సరాలు వెళ్ళిపోయాయి, ఆ కాగితం మాత్రం గోడ దిగలేదు. నీలం రంగు వెలిసి బూడిదరంగుకి తిరిగింది. సూదిలో దారం ఎక్కించేటప్పుడల్లా అత్తయ్య ఒకసారి దానివైపు చూసేది. ఏనాడూ ఏమీ అడగలేదు.

అడగకపోయినా చూసినవాళ్ళున్నారు. వాళ్ళమ్మాయి, నాకు వదిన. ఆసుపత్రిలో నర్సు. ఒకరోజు డ్యూటీ దిగి నేరుగా కొట్టుకి వచ్చింది. మావయ్య దూది మీద కూచుని ఉన్నాడు, నేను గుమ్మంలో టీ తాగుతున్నాను.

"నాన్నా, నువ్వూ అమ్మా దీవికి వెళ్తున్నారు. రిసార్టులో నాలుగు రాత్రులు. గది తీసుకోవడం కూడా అయిపోయింది. మీరు వెళ్ళి రావడమే."

"ముందు ఒక మాట అడగాలి కదే."

"అడిగితే ఏమంటావో తెలుసు కాబట్టే అడగలేదు."

మావయ్య గడ్డం గోక్కున్నాడు. "సరే, పొద్దున్నే వెళ్ళి సాయంత్రానికి వచ్చేద్దాం."

"దీవి అంటే పక్క వీధి కాదు నాన్నా. వెళ్ళడానికే ఒక పూట పడుతుంది."

"అయితే మీ అమ్మా నువ్వూ వెళ్ళండి."

తెర వెనక మిషను ఆగింది. ఆ కొట్లో మిషను ఆగిందంటే అందరూ తలెత్తి చూడాల్సిందే. అత్తయ్య తెర పక్కకి జరిపి, పంటితో దారం కొరికి, చాలా మామూలుగా చెప్పింది. "మీరొస్తే ఇద్దరం వెళ్దాం. రాకపోతే నేనొక్కదాన్నే వెళ్తాను. మీరు ఇక్కడ మీ పరుపు మీద మీరు పడుకోండి."

తెర మళ్ళీ పడింది. టకటక మొదలైంది. మావయ్య చేతిలో దూది చేతిలోనే ఉండిపోయింది.

ఆ తర్వాత ఒక వారం పాటు ఆయన దారులన్నీ వెతికాడు. ఎండ ఎక్కువంటే టోపీ పెట్టుకోమంది అత్తయ్య. వాన వస్తుందంటే గదికి కప్పు ఉంటుందంది. పడవ పడదంటే, "మీకు పడిందీ పడనిదీ ఎక్కితే కదా తెలిసేది" అంది. చివరికి కొట్టెవరు చూస్తారని అడిగాడు. ఎదురు సెలూన్ ఆయన ఇవతలికొచ్చి, "నేను చూస్తాను మావయ్యా. కునుకు కూడా నేనే తీసి పెడతాను, అదేం పెద్ద విద్య" అన్నాడు. మావయ్య ఆయన వైపు చూసిన చూపుకి, ఆయన కత్తెర పట్టుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఇక దారులు మిగల్లేదు. నన్ను పిలిచి, "ఒరే అల్లుడూ, ఆ రిసార్టుకి ఫోను కలుపు. నేను మాట్లాడాలి" అన్నాడు. అందరికీ వినపడేలా స్పీకరు పెట్టాను. అవతల ఒక అమ్మాయి, గొంతులో చక్కెర ఉన్న మనిషి.

"నమస్కారం సార్. మీకు సముద్రం వైపు గది కావాలా, తోట వైపు గది కావాలా?"

"అది తర్వాత చూద్దాం అమ్మా. పరుపులో ఏముంది?"

"సార్?"

"పరుపు లోపల ఏం కూరారు అని. దూదా, కొబ్బరి పీచా?"

ఆ అమ్మాయి ఎవరినో అడిగి వచ్చింది. "మెమరీ ఫోమ్ సార్. మీ ఒంటి ఆకారాన్ని గుర్తుపెట్టుకుంటుంది."

మావయ్య ఫోను మీద చెయ్యి మూసి నాతో, "అయితే మనకన్నా ముందు పడుకుని పోయినవాళ్ళు కూడా అందులో గుర్తుండే ఉంటారు. అడగరా" అన్నాడు. తెర వెనక అత్తయ్య నవ్వు ఆపుకోలేక దగ్గుతోంది.

"సార్, మా పరుపుల మీద ఇంతవరకూ ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు."

"రాత్రంతా నిద్రలేనివాడికి ఫిర్యాదు చేసే ఓపికెక్కడుంటుందమ్మా. సరే గాని, నా పరుపు నేను తెచ్చుకోవచ్చా?"

"ఇలా ఇంతకు ముందెవరూ అడగలేదు సార్. కనుక్కుని చెప్తాను." సాయంత్రం ఆ అమ్మాయే తిరిగి ఫోను చేసింది. తెచ్చుకోవచ్చట. గొంతులో చక్కెర అలాగే ఉంది గాని కాస్త భయం కూడా కలిసింది.

అంతే, మావయ్య మారిపోయాడు. అప్పటిదాకా వద్దన్న మనిషి, ఇప్పుడు ప్రయాణానికి అందరికన్నా ముందున్నాడు. సముద్రపు గాలికి మామూలు దూది తేమ పీల్చి బరువెక్కుతుందని, బూరుగు దూది తెప్పించాడు. పల్చగా, తేలిగ్గా, చుడితే చంకలో ఇమిడేలా ఒక పరుపు కుట్టాడు. అత్తయ్య దానికి నీలం గుడ్డతో పైతొడుగు కుట్టింది. ఆ నీలం ఎక్కడిదో నేను అడగలేదు, గోడ మీది కాగితం ఒకప్పుడు అదే రంగులో ఉండేది. పరుపు పూర్తయిన మధ్యాహ్నం మావయ్య దాని మీద వాలాడో లేదో, గురక అందుకున్నాడు. లేచి, "దీవేమిటి, దీని మీద నడిసముద్రంలోనైనా నిద్రపోవచ్చు" అన్నాడు.

అత్తయ్య ఏర్పాట్లు వేరు. పెద్ద అంచున్న టోపీ కొనుక్కుని, అలవాటు పడాలని మిషను ముందు కూడా అదే పెట్టుకుని కూచునేది. తెర జరిపినప్పుడల్లా టోపీ అంచు తగిలి తెర ఊగేది. వదిన ఎండకి రాసుకునే క్రీము ఇచ్చింది. మావయ్య మూత తీసి వాసన చూసి, "ఇది పరుపుకి అంటితే మరక పోదు" అన్నాడు.

"మరిదీ, నువ్వూ వెళ్ళకూడదూ? పరుపు మోయడానికి మనిషి కావాలిగా" అంది వదిన నాతో.

"నేను వెళ్తే మోయనివ్వడు వదినా. నన్ను కూడా లోపల పెట్టి చుట్టేస్తాడు."

నేను నవ్వులాటకి అన్న మాటలో సగం నిజమైంది. అత్తయ్య చక్రాల పెట్టె కొంటానంది. మావయ్య వద్దన్నాడు. "పరుపు ఉండగా పెట్టె ఎందుకే? బట్టలు మధ్యలో పెట్టి చుడితే మడత నలగదు, చేతికి ఒకటే మూట." ఆవిడ సరేలెమ్మంది. మనిషి కదిలి వస్తున్నాడు, పెట్టె దగ్గర పేచీ ఎందుకని. అలా ఇద్దరి బట్టలూ, తువ్వాళ్ళూ, ఎండ క్రీమూ అన్నీ పరుపు కడుపులోకి వెళ్ళాయి. బయట మిగిలింది అత్తయ్య చేతిసంచీ, టోపీ.

బయల్దేరే పొద్దున మావయ్య చుట్టని పురికొసతో మూడు చోట్ల బిగించి, ఒక అట్టముక్క మీద పెద్దక్షరాలతో రాసి తాడుకి కట్టాడు. ఆ కొట్లోంచి బయటికి వెళ్ళే ప్రతి చుట్టకీ అట్టముక్క ఉంటుంది. దాని మీద అది ఎవరికి చేరాలో వాళ్ళ పేరు ఉంటుంది, మావయ్య పేరు ఉండదు. జన్మంతా అలాగే రాసిన చెయ్యి, ఆ పొద్దున కూడా అలాగే రాసింది. రిసార్టు పేరు రాసింది. మేం అందరం చూశాం. ఒక్కరికీ తేడాగా అనిపించలేదు.

వీధి మలుపులో ఆటో తిరిగేదాకా టోపీ కనిపించింది.

సాయంత్రం అత్తయ్య ఫోను చేసింది. వెనక అలల చప్పుడు.

"చేరారా అత్తయ్యా?"

"మేం చేరాం. పరుపు చేరలేదు."

రేవులో కూలీ చుట్ట మీది అట్ట చూసి, రిసార్టుకి వెళ్ళే సరుకనుకుని, దుప్పట్లూ కూరగాయలూ వెళ్ళే పడవలో వేశాడట. ఎవరిదని అడిగితే మావయ్యే దర్జాగా, "రిసార్టు వాళ్ళది, జాగ్రత్తగా దింపండి" అన్నాడట. అన్నేళ్ళ నోటి అలవాటు. అక్కడ సరుకు దింపుకున్నవాళ్ళు ఏ గోదాములో పెట్టారో దొరకలేదు. ఒంటి మీది బట్టలు పడవలో నీళ్ళు చిమ్మి తడిశాయి. దుప్పట్ల గది చూసుకునే ఆవిడ దయతలచి అత్తయ్యకి తన గౌనొకటీ, మావయ్యకి పనివాళ్ళ చొక్కా ఒకటీ ఇచ్చింది.

"చొక్కా జేబు మీద రిసార్టు గుర్తుందిరా. ఎవరో వచ్చి తువ్వాలు తెచ్చిపెట్టమంటే తెచ్చిచ్చాడు మీ మావయ్య. ఇంకొకరు గదిలో దిండు ఎత్తు చాల్లేదంటే వెళ్ళి దులిపి సరిచేసి వచ్చాడు. ఇప్పుడు పక్కగదివాళ్ళందరూ ఈయన్నే పిలుస్తున్నారు."

"మరి ఈ రాత్రి ఆ గుర్తుపెట్టుకునే పరుపు మీదేనా?"

"చూడాలి" అంది అత్తయ్య.

పొద్దున్నే మళ్ళీ ఫోను. ఈసారి గొంతులో నవ్వు లేదు. ఆయన కన్ను మూయలేదు. "పరుపు మంచిదేనే, కాదనను, కానీ నాకు పట్టడం లేదు" అని తెల్లవార్లూ కుర్చీలో కూచున్నాడట. ఒక్క ఆశ మిగిలింది. గోదాములో చుట్ట దొరికింది. దాన్ని తెచ్చి గదిలో పరిచారు.

మధ్యాహ్నం దాటాక మూడో ఫోను. "ఒరే నాన్నా, సొంత పరుపు మీద కూడా నిద్ర పట్టలేదురా ఆయనకి. అటు దొర్లాడు, ఇటు దొర్లాడు. లేచి కూచుని, నా చేతిలో విద్య పోయిందే అన్నాడు. సాయంత్రం పడవకి ఇంటికి వెళ్ళిపోదామంటున్నాడు."

"మీరేమన్నారు?"

"ఏమంటాను. ఆ మొహం చూశాక ఏమంటాను. ఇంతకీ నేనింకా నీళ్ళలో కాలు పెట్టలేదురా. ఈయనకి నిద్రపట్టాక పెడదామని ఆగాను. సరే, ఆ గౌను ఇచ్చేసి వస్తాను."

నేను కిందికి వెళ్ళి కొట్లో కూచున్నాను. గోడ మీది కాగితం కేసి చూస్తే, ఇన్నాళ్ళు ఎదురుచూసి ఇంత దగ్గరికి వెళ్ళి, అత్తయ్య పొడి కాళ్ళతో తిరిగొస్తోందే అనిపించింది.

ఎంతోసేపు కాలేదు, నాలుగో ఫోను వచ్చింది. అత్తయ్య గుసగుసగా మాట్లాడుతోంది. "ఏరా, గట్టిగా మాట్లాడకు. మావయ్య పడుకున్నాడు."

"ఎక్కడ? పరుపు మీదా?"

"కాదురా. దుప్పట్ల గదిలో, ఉతికిన దుప్పట్ల గుట్ట మీద."

గౌను ఇవ్వడానికి అత్తయ్య వెళ్తే, పడవ ఎన్నింటికో కనుక్కుందామని మావయ్యా వెనకే వెళ్ళాడు. దుప్పట్లావిడ ఒక మూల మిషను మీద కర్టెన్ల అంచులు కుడుతోంది. ఆడవాళ్ళిద్దరూ మాటల్లో పడ్డారు. మిషను నడుస్తూనే ఉంది. కాసేపటికి వెనక నుంచి గురక. చూస్తే ఈయన గుట్టకి ఒరిగిపోయి ఉన్నాడు. ఆవిడ సూది మార్చడానికి మిషను ఆపింది. గురక ఆగింది, కన్ను తెరిచాడు. మళ్ళీ తొక్కింది. మళ్ళీ గురక.

"ఇన్నేళ్ళూ దూది, దూది అని చంపాడురా నన్ను" అంది అత్తయ్య. "దూది కాదు పాడూ కాదు. మిషను చప్పుడు. నేను తొక్కుతుంటేనే గాని ఈయనకి నిద్ర పట్టదు. ఈ సంగతి ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు."

"అయితే ఆవిడ మిషను ఒకటి గదిలోకి..."

"నోర్ముయ్. మిషను తొక్కడానికి ఇంతదూరం రాలేదు నేను. నా కాళ్ళు సెలవులో ఉన్నాయి. నువ్వు తెర వెనక్కి వెళ్ళి, నా మిషను తొక్కి, ఆ చప్పుడు ఫోనులో పట్టి పంపు. ఎక్కువసేపు తొక్కు."

తొక్కాను. దారం లేని సూదితో, ఒక చింకి గుడ్డ మీద, ఫోను పక్కన పెట్టుకుని, పిక్కలు పట్టేసేదాకా తొక్కాను. సెలూన్ ఆయన గుమ్మంలోకొచ్చి చూసి, "ఏమయ్యా మాస్టారూ, బళ్ళో ఉద్యోగం పోయిందా?" అన్నాడు. చెయ్యి ఊపి పొమ్మన్నాను, నా మాట కూడా అందులో పడుతుందని.

మర్నాడు అత్తయ్య చెప్పింది. రాత్రి గదిలో ఆ చప్పుడు పెట్టింది. మావయ్య నీలం పరుపు మీద వెల్లకిలా పడుకుని విన్నాడు. "ఇది నీ కాలు కాదే" అన్నాడు. "కాదు, మీ అల్లుడిది." "అదీ సంగతి. మధ్యమధ్యలో తడబడుతున్నాడు. మలుపు దగ్గర చక్రం వెనక్కి తిరిగింది, విను. నూనె కూడా వెయ్యాలి దానికి. వీడు కుట్టిన గలేబు ఎవరు..." అక్కడితో ఆగిపోయాడు. నా తప్పులు ఎంచుతూ ఎంచుతూనే నిద్రపోయాడు.

ఆ పొద్దున అత్తయ్య ఒక్కతే నీళ్ళలోకి దిగింది. మోకాళ్ళ దాకా వెళ్ళి, టోపీ చేత్తో పట్టుకుని నిలబడిందట. సముద్రం ఆ కాగితం కన్నా బాగుందా అని అడిగాను. "కాగితం కదలదు కదరా" అంది. పడవ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నాలుగు రాత్రులూ ఉన్నారు. మిగతా రోజులు మావయ్య ఇసక మీద కూచుని, పిడికిలితో ఇసక తీసి వదులుతూ, "దీన్ని గుడ్డలో కూరగలిగితేనా" అంటూ గడిపాడు.

తిరిగొచ్చినప్పుడు బట్టలు ఒక పాత దుప్పటిలో మూటకట్టి ఉన్నాయి. పరుపు లేదు. దుప్పట్లావిడకి ఇచ్చేశాడు. పగలంతా పరుపులు పరిచే మనిషి, రాత్రి తను చెక్క బల్ల మీద పడుకుంటుందని తెలిసిందట. ఇచ్చేముందు, ఆవిడ మిషను పక్కనే దాన్ని పరిచి ఒక కునుకు తీశాడు. పద్ధతి పద్ధతే.

ఆయన పోవడం కూడా అలాగే పోయాడు. మధ్యాహ్నం, కొత్త పరుపు మీద, గోడవైపు తిరిగి. తెర వెనక అత్తయ్య మిషను తొక్కుతూనే ఉంది. గురక వినపడ్డం లేదని ఆవిడే మొదట కాలు ఆపింది. అంత మెత్తటి చావు ఎవరికి వస్తుంది అన్నారు అందరూ. నిజమే. కానీ అప్పట్నుంచి మధ్యాహ్నాలు నాకు పాఠం సరిగ్గా సాగదు.

కబురు తెలిసి దుప్పట్లావిడ అత్తయ్యకి ఫోను చేసింది. ఆ పరుపు మీద ఇంకా ఎక్కడా పల్లం పడలేదని చెప్పింది. "ఎలా పడుతుంది, ఆయన కునుకు చూసి ఇచ్చినదానికి" అంది అత్తయ్య. అది మొదలు ఇద్దరూ వారానికోసారైనా మాట్లాడుకుంటున్నారు.

మొన్న బడి నుంచి వచ్చేసరికి తెర పక్కకి లాగి ఉంది. అత్తయ్య టోపీ దుమ్ము దులుపుతోంది. పక్కన కొత్త చక్రాల పెట్టె, ఇంకా అట్ట కూడా విప్పలేదు. వదిన సెలవు పెట్టిందట, ఇద్దరూ దీవికి వెళ్తున్నారట.

"మరి పడుకోవడానికి?" అన్నాను. పరుపు కుట్టే చెయ్యి ఇప్పుడు ఇంట్లో లేదు కదా అని.

"ఈసారి మోసుకెళ్ళక్కర్లేదురా" అంది అత్తయ్య, టోపీ నెత్తిన పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ. "మన పరుపు అక్కడే ఉందిగా."